పాత బుల్లెట్‌కి పెట్రోల్ అందడం లేదా? కార్బరేటర్ చివర్లో విప్పండి

“స్టార్టింగ్ బాగానే ఉందన్నా. రెండు మూడు కిలోమీటర్లు హాయిగా వస్తుంది. తర్వాత జర్కులిచ్చి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు ఆగి కిక్కు కొడితే మళ్లీ మామూలే.”

పాత బుల్లెట్‌ని తోసుకుంటూ షెడ్డుకి వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. ఈ నాలుగు మాటల్లో సగం రోగం బయటపడిపోతుంది. కానీ మన షెడ్లలో వాటిని చివరిదాకా వినే ఓపిక ఉండదు. బండికి స్టాండు వేసీ వేయకముందే స్క్రూడ్రైవర్ కార్బరేటర్ మీదికి వెళ్తుంది. విప్పడం, కడగడం, బిగించడం, గాలి స్క్రూ అటో పావు చుట్టు ఇటో పావు చుట్టు తిప్పడం, డబ్బులు తీసుకోవడం. మూడో రోజు అదే బండి, అదే ఫిర్యాదు.

షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బళ్లు చాలావరకు ఇంజెక్షన్‌కి మారాయి. ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చినవాళ్లకి స్కానర్ తగిలించి కోడ్ చదవడం వచ్చు గానీ, పెట్రోల్ ఎక్కడ ఆగిందో చెవితో, కంటితో పట్టుకోవడం అలవాటు కాలేదు. మరోవైపు పాత బళ్ల మీద మోజు పెరిగింది. నాన్నగారి బుల్లెట్‌ని, మావయ్య యెజ్డీని మళ్లీ రోడ్డెక్కించుకోవాలని అడిగేవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లు మంచి కూలీ ఇవ్వడానికి వెనకాడరు. బండి ఎందుకు ఆగిందో చెప్పగలిగే మనిషే వాళ్లకి దొరకడం లేదు.

ఉదాహరణకి కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350 తీసుకుందాం. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో 1950లలో మొదలైన ఈ బండి పెద్దగా మారకుండా 2010 ప్రాంతం దాకా తయారైంది కాబట్టి మన దగ్గరికి వచ్చే పాత బళ్లలో ఇదే ఎక్కువ. చాలావాటికి మిక్‌కార్బ్ కార్బరేటరే ఉంటుంది. యెజ్డీకీ, రాజ్‌దూత్‌కీ, ఆర్ఎక్స్ 100కీ కొలతలు మారతాయి గానీ వెతికే దారి ఒకటే. వీటిలో దేనికీ పెట్రోల్ పంపు లేదు. ట్యాంకు పైన ఉంది, కార్బరేటర్ కింద ఉంది, పెట్రోల్ తన బరువుతో తానే దిగాలి. అంతే. అందుకే దారిలో చిన్న అడ్డం ఉన్నా బండి ఆగుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, అసలు ఇది పెట్రోల్ సమస్యేనా అని. వేడెక్కినప్పుడు కండెన్సర్ గానీ ఇగ్నిషన్ కాయిల్ గానీ చచ్చిపోతే బండి అచ్చం పెట్రోల్ అయిపోయినట్టే ఆగుతుంది, చల్లారాక అచ్చం అలాగే స్టార్టవుతుంది. ఇక్కడ మోసపోయి కార్బరేటర్లు మార్చినవాళ్లు చాలామంది. పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న బుల్లెట్‌కి హెడ్‌లైట్ పైన ఒక ఆంప్ మీటర్ ఉంటుంది. బండి ఆగిన వెంటనే తాళం ఆన్‌లో ఉంచి కిక్కు నెమ్మదిగా నొక్కండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు ఎడమకి వాలాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకి రావాలి. ముల్లు కదలకపోతే పెట్రోల్ జోలికి వెళ్లకండి, బ్యాటరీ నుంచి పాయింట్ల దాకా వైరు చూడండి. ముల్లు సరిగ్గా ఊగినా కండెన్సర్ బాగుందని కాదు. ఇంజన్ తిరుగుతుండగా పాయింట్ల దగ్గర పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తే, పాయింట్లు నల్లగా కాలి ఉంటే, బాగున్న కండెన్సర్ ఒకటి వేసి చూడండి.

ఇగ్నిషన్ సరేననుకుంటే ప్లగ్గు విప్పండి. ఆగిన చోటే, ఆగిన వెంటనే విప్పాలి. బండిని షెడ్డు దాకా నడుపుకొచ్చి విప్పితే ప్లగ్గు వేరే కథ చెబుతుంది. కొన పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిగా ఉండి పెట్రోల్ వాసన కొడితే, పెట్రోల్ వచ్చింది కానీ కాలలేదు: నిప్పు లేకపోయి ఉండాలి, లేదా పెట్రోల్ మరీ ఎక్కువై ఉండాలి. పొడి మసి దట్టంగా పట్టి ఉంటే చాలాకాలంగా మిశ్రమం చిక్కగా వెళ్తోందని అర్థం.

ప్లగ్గు పొడిగా ఉందనుకుందాం. అప్పుడు బండి యజమానిని ఒక ప్రశ్న అడగండి: ఆగడం ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎక్కువా, రిజర్వు దగ్గరపడ్డప్పుడు ఎక్కువా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు గంట పనిని తప్పిస్తుంది. ట్యాంకు మూతలో గాలి లోపలికి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే, పెట్రోల్ దిగినకొద్దీ పైన మిగిలిన గాలి పలచబడి పెట్రోల్‌ని దిగనివ్వదు. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి కొంచెమే కాబట్టి కొద్దిపాటి పెట్రోల్ దిగేసరికే ఆ పట్టు బిగుస్తుంది. సగం ఖాళీగా ఉన్నప్పుడు అదే బండి ఇంకాస్త దూరం వెళ్తుంది. “ఫుల్ ట్యాంక్ కొట్టించాకే ఆగుతోంది” అని ఎవరైనా అంటే ముందు మూత చూడండి. బండి ఆగిన చోట మూత తెరిస్తే ‘స్‌స్’మని గాలి లోపలికి పోయిన చప్పుడు వినబడితే ఇక అనుమానమే లేదు. పాలిష్ కోసం మూతకి రబ్బింగ్ కాంపౌండ్ పట్టించినప్పుడు, కొత్త రబ్బరు వాషర్ వేసినప్పుడు ఈ రంధ్రం మూసుకుపోవడం మామూలు. రిజర్వు దగ్గరపడ్డాకే ఆగుతుంటే మాత్రం ట్యాంకు అడుగున తుప్పో, నీళ్లో ఉన్నాయి.

ఇక అసలు పరీక్ష. దీనికి కావలసింది ఒక గాజు సీసా, గడియారం. 80 కిలోమీటర్ల వేగంతో పోతూ లీటరుకి 25 కిలోమీటర్లు ఇచ్చే బుల్లెట్ గంటకి 3.2 లీటర్లు తాగుతుంది. అంటే నిమిషానికి సుమారు 53 మిల్లీలీటర్లు. కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి, కొనని సీసాలో పెట్టి, కాక్ తిప్పండి. నిమిషానికి కనీసం దీనికి మూడు నాలుగు రెట్లు దిగాలి. మూత బిగించే ఉంచండి, ఆన్‌లో ఒకసారి, రిజర్వులో ఒకసారి చూడండి. చాలామంది పది సెకన్లు చూసి “బానే వస్తోంది” అని కాక్ కట్టేస్తారు. అది పరీక్ష కాదు. మొదటి పది సెకన్లు ఏ ట్యాంకులోంచైనా పెట్రోల్ ధారగానే వస్తుంది. రెండు మూడు నిమిషాలు నిలబడి చూడండి. ధార సన్నబడి బొట్లు బొట్లుగా మారితే మూత తెరవండి. మళ్లీ ధార వస్తే తప్పు మూతది. మూత తెరిచినా రాకపోతే కాక్‌ది, దాని లోపలి జల్లెడది.

మొదట చెప్పిన ఫిర్యాదు ఇప్పుడు అర్థమవుతుంది. ఫ్లోట్ బౌల్‌లో నిలవుండే పెట్రోల్ కొంచెమే. ఇంజన్ తాగే వేగం కంటే పై నుంచి వచ్చే వేగం తక్కువైతే, బౌల్ రెండు మూడు కిలోమీటర్లలో అడుగంటుతుంది. ఆగి ఉన్న ఐదు నిమిషాల్లో బొట్లు బొట్లుగా మళ్లీ నిండుతుంది. మామూలు వేగంలో బాగుండి, హైవే మీద రేజ్ చేస్తేనే ఆగే బండికీ కారణం ఇదే కావచ్చు. ఆ మనిషి ఎంత వేగంలో ఆగిందో చెప్పడం మర్చిపోతే మీరే అడగాలి.

పైపు సంగతి కొంత చెప్పాలి. పైపు కాక్ నుంచి కార్బరేటర్ దాకా కిందికే దిగాలి. పొడుగు ఎక్కువై మధ్యలో గూనిలా పైకి లేస్తే అక్కడ గాలి బుడగ చిక్కుకుంటుంది. ఇంజన్ ఫిన్లకి ఆనుకుంటే ఎండాకాలంలో పెట్రోల్ పైపులోనే ఆవిరవుతుంది. మధ్యలో అందంగా కనిపిస్తుందని వేసే చిన్న కాగితం ఫిల్టర్ల మీద నాకు నమ్మకం లేదు. అవి చాలావరకు పంపు ఉన్న బళ్ల కోసం చేసినవి. పంపు తోసే ఒత్తిడి లేనప్పుడు వాటిలోంచి పెట్రోల్ దిగడం కష్టం. కాక్ లోపల ఇత్తడి జల్లెడ బాగుంటే చాలు. ఫిల్టర్ తప్పనిసరి అనుకుంటే సన్న జాలీ ఉన్నది నిలువుగా వచ్చేలా వేయండి.

జల్లెడలో ఎర్రటి మడ్డి దొరికితే దాన్ని కడిగి బిగించి పంపేయకండి. అది ట్యాంకులోంచి వచ్చింది, మళ్లీ వస్తుంది. ట్యాంకు దించి ఖాళీ చేయాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోల్ పీల్చడం ఇప్పటికీ షెడ్లలో చూస్తున్నాం. ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా లాంటి జబ్బు చేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాక్ విప్పితే పెట్రోల్ దానంతటదే దిగుతుంది, పీల్చాల్సిన అవసరమే లేదు. అలాగే పెట్రోల్‌తో చేతులు కడగడం మానండి. అందులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం, చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. సబ్బుపొడితో చేతులు శుభ్రపడటం ఆలస్యమైనా అదే మేలు.

తుప్పుకి నిమ్మ ఉప్పు మంచి మందు. లీటరు గోరువెచ్చటి నీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, కాక్ రంధ్రానికి బిరడా బిగించి, ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారి పారబోసి, వంట సోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యం చేస్తే గంటలోనే కొత్త తుప్పు పొర పడుతుంది. ఆరాక కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపిన పెట్రోల్‌తో లోపలంతా తడపండి. ట్యాంకుకి చిల్లు ఉంటే మీరు వెల్డింగ్ పెట్టకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే పేలేది లోపల మిగిలిన ఆవిరి. ట్యాంకులు అతకడమే పనిగా చేసేవాళ్లకి ఇవ్వండి.

ఇప్పటి పెట్రోల్ గురించి తెలియకుండా పాత బండి పని చేయలేం. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే, తేమ ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా నిలుస్తాయి. వానాకాలంలో, సముద్రతీర ఊళ్లలో ఇది ఎక్కువ. రిజర్వులో పెట్టగానే ఆగిపోయే బండి ట్యాంకులోంచి అడుగు పెట్రోల్ గాజు సీసాలోకి తీసి పావుగంట వదిలేయండి. రెండు పొరలు కనిపిస్తే మొత్తం పారబోయాల్సిందే. ఇథనాల్‌కి పాత రబ్బరు కూడా ఆగదు. పైపు ఉబ్బి లోపలి పొర ఊడి నల్లటి తునకలు బౌల్‌లోకి వస్తాయి. ట్యాంకు లోపల ఎప్పుడో పూసిన సీలెంట్ కరిగి జిగురులా దిగుతుంది. ఏ పాత బండి మీ చేతికి వచ్చినా ఈ20కి పనికొచ్చే పైపు వేయడం మొదటి పని.

ఇంకో సంగతి మిశ్రమానికి సంబంధించినది. శుద్ధ పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లే చాలు. లెక్క కడితే ఈ20కి 13.5 దగ్గర వస్తుంది. పాత జెట్ పాత పెట్రోల్‌కి సరిపోయేట్టు పెట్టింది కాబట్టి, అదే జెట్‌తో ఈనాటి పెట్రోల్ పోస్తే మిశ్రమం పలచబడుతుంది. బండి వేడెక్కడం, ఎక్సలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటమనడం పెరిగాయని యజమానులు చెప్పే ఫిర్యాదులో కొంత నిజం ఉంది. కొన్ని బళ్లకి మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి వస్తుంది. కానీ ఆ నిర్ణయం పరీక్షించాకే.

ధార బాగుంది, పెట్రోల్ శుభ్రంగా ఉంది, అయినా బండి సరిగ్గా లేదు. ఇప్పుడు కార్బరేటర్ వంతు. విప్పకముందు ఒక టేపు ముక్క తీసుకుని ఎక్సలేటర్ గ్రిప్పు మీద అంటించి సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గుర్తులు పెట్టండి. బండి నడిపి, ఏ గుర్తు దగ్గర తప్పు వస్తోందో చూడండి. స్పీడోమీటర్‌తో, గేరుతో ఇక్కడ పని లేదు. గ్రిప్పు ఎంత తెరుచుకుందన్నదే లెక్క. మూసి ఉన్నప్పటి నుంచి పావులో సగం దాకా పైలట్ జెట్, గాలి స్క్రూ పని చేస్తాయి. అక్కడి నుంచి పావు దాకా స్లైడ్ అడుగున ఉన్న కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆ పైన మెయిన్ జెట్. స్లోలో నిలబడని బండికి మెయిన్ జెట్ మార్చినా, ఫుల్ రేజ్‌లో కొట్టుకునే బండికి గాలి స్క్రూ తిప్పినా ఉపయోగం లేదన్నది ఈ లెక్కతో తేలుతుంది.

తప్పు కనిపించిన గుర్తు దగ్గరే ఎక్సలేటర్ ఉంచి, చోకు వేయండి. బండి తేరుకుంటే మిశ్రమం పలచగా ఉంది, ఇంకా మొరాయిస్తే చిక్కగా ఉంది. ఇంత సులువైన పరీక్ష మరొకటి లేదు. ట్రాఫిక్ లేని రోడ్డు మీదే చేయండి. పలచగా ఉన్నది నీడిల్ దగ్గరైతే క్లిప్పుని ఒక గాడి కిందికి దించండి, నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. పైలట్ దగ్గరైతే గాలి స్క్రూని లోపలికి బిగించాలి. మామూలుగా పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పిన చోటు నుంచి మొదలుపెట్టి, ఇంజన్ వేడిగా ఉండగా స్లో స్పీడు ఎక్కడ ఎక్కువగా నిలుస్తుందో అక్కడ ఆపాలి. మూడు చుట్లు తిప్పినా తేడా రాకపోతే పైలట్ జెట్ మూసుకుపోయినట్టే.

ఒకసారి ఒకే మార్పు. రెండు మార్చి బండి బాగైతే ఏది పనిచేసిందో మీకు తెలియదు, తర్వాతి బండికి ఆ అనుభవం ఉపయోగపడదు.

జెట్లు కడిగేటప్పుడు మన దగ్గర ఉన్న పెద్ద దురలవాటు ఇనుప తీగ పెట్టి పొడవడం. జెట్ ఇత్తడిది, దాని రంధ్రం మిల్లీమీటరులో వందో వంతు లెక్కలో చేసింది. ఒక్కసారి తీగ గీసుకుంటే ఆ జెట్ మీద రాసిన అంకెకి విలువ లేదు. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి కంప్రెసర్ గాలి కొట్టండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే రంధ్రం గుండ్రంగా కనబడాలి. అప్పటికీ తెరుచుకోకపోతే జెట్ మార్చండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, ఎక్కడ కొన్నా పాత జెట్ జేబులో పెట్టుకుని వెళ్లి, అంకె, మర, పొడుగు పోల్చి తీసుకోండి. పాత నీడిల్, పాత జెట్ పారేయకుండా కాగితంలో చుట్టి యజమానికి ఇవ్వండి. కంపెనీ నుంచి వచ్చిన అసలు భాగం అరిగినా కొలతకి ఆధారం అదే.

పెట్రోల్ ఓవర్‌ఫ్లో అవుతుంటే ఫ్లోట్‌నీ దాని నీడిల్ వాల్వునీ చూడాలి. వాల్వు కొనలో చిన్న గీత పడినా, కింద ఇసుక రేణువు చిక్కుకున్నా మూసుకోదు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ చప్పుడైతే అది మునుగుతోంది. ఇలాంటి బండి రాత్రంతా కాక్ తెరిచి ఉంటే పెట్రోల్ ఇంజన్ లోపలికి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఆయిల్ వాసన చూడకుండా బండి స్టార్ట్ చేయకండి. పెట్రోల్ వాసన ఉంటే ఆయిల్ మార్చాకే కిక్కు.

ఎంత సరిచేసినా స్లో స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బయటి గాలి ఎక్కడో దూరుతోంది. కార్బరేటర్‌కీ హెడ్‌కీ మధ్య గాస్కెట్ దగ్గర నీళ్లు చల్లి చూడండి. ఇంజన్ చప్పుడు మారితే లీకు అక్కడే. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చల్లి చూసేవాళ్లున్నారు, వాళ్లని చూసి నేర్చుకోవద్దు. లీకు లేకపోతే స్లైడ్ అరిగి ఉంటుంది. స్లైడ్‌ని వేలితో అటూ ఇటూ కదిపితే టకటకలాడుతుందంటే ఆ కార్బరేటర్ పని అయిపోయింది. ఈ మాట యజమానికి నేరుగా చెప్పాలి. అరిగిన కార్బరేటర్‌ని ప్రతి నెలా ట్యూన్ చేసి డబ్బు తీసుకోవడం న్యాయం కాదు.

పనయ్యాక బండిని షెడ్డు ముందు రెండు రౌండ్లు తిప్పి ఇచ్చేయకండి. రెండో కిలోమీటరులో ఆగే బండిని పది కిలోమీటర్లు నడపాలి, ట్యాంకు నిండుగా ఒకసారి, రిజర్వులో ఒకసారి. జెట్ల అంకెలు, క్లిప్పు ఏ గాడిలో ఉంది, గాలి స్క్రూ ఎన్ని చుట్లు, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు దిగింది, తేదీ ఒక చీటీ మీద రాసి ఒకటి యజమానికి ఇచ్చి ఒకటి మీ పుస్తకంలో అంటించుకోండి.

కూలీ విషయంలో మొహమాటం వద్దు. మూత రంధ్రం తెరవడానికి ఒక్క నిమిషం పడుతుంది, అది రంధ్రమే అని తేల్చడానికి గంట పడుతుంది. ఆ గంటకి డబ్బు అడగడం తప్పు కాదు. బండి తీసుకునేటప్పుడే “వెతకడానికి ఇంత, చేయడానికి ఇంత” అని రెండు లెక్కలుగా చెప్పండి, బిల్లులోనూ రెండుగానే రాయండి.